నడింట్లో దండెం

ఊరందరి ఎండనీ కొలిచే మనిషి ఇంట్లో ఎండ తగిలిన బట్ట ఒక్కటీ ఉండేది కాదు. వాతావరణ కేంద్రం ఆవరణలోనే ఆయన క్వార్టరు. రెండు గదులు, ఒక వంటిల్లు. నడింట్లో ఈ గోడ మేకు నుంచి ఆ గోడ మేకుకి దండేలు. వాటి మీద దుప్పట్లు, చొక్కాలు, తువ్వాళ్ళు ఏడాది పొడుగునా వేలాడుతూ, కింద పెట్టిన సత్తు పళ్ళాల్లోకి బొట్లు రాలుస్తూ ఉండేవి. ఆ ఇంట్లో నిటారుగా నడిచింది వాళ్ళ కూతురొక్కతే, అదీ దండెం తలకి తగలనంత కాలం. గోడలు కింది నుంచి నల్లబడుతూ వచ్చాయి. సున్నం వేయిస్తే కొన్నాళ్ళు ముఖం కడుక్కున్నట్టు ఉండి, మళ్ళీ నల్లబడేవి.

వీధిలో ఆయన్ని పాదరసం అనేవారు. పాదరసంలాంటి మనిషంటే చురుకైనవాడని మామూలు అర్థం. వీధి ఉద్దేశం అది కాదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గడియారం ముల్లుతోపాటు లేచి, ఆవరణ మధ్యలో ఉన్న తెల్లపెట్టె దాకా నడిచి, తిరిగొచ్చే మనిషి. ఆ రెండు వేళల మధ్యా పిడుగు పడ్డా కదిలేవాడు కాదు. పెళ్ళికి రమ్మంటే రీడింగు అయ్యాక వస్తానన్నాడట. ఆ పెళ్ళి ఆయనదే.

ఆ పెట్టె గురించి చెప్పాలి. నాలుగు కాళ్ళ మీద, మనిషి ఛాతీ ఎత్తున నిలబడ్డ చెక్కపెట్టె. గోడలకి బదులు వాలు రెక్కలు. గాలి దూరాలి, ఎండ దూరకూడదు. ఎండలో పెట్టిన థర్మామీటరు తన ఒళ్ళు ఎంత కాలిందో చెబుతుంది తప్ప గాలి సంగతి చెప్పదు. పెట్టె లోపల పక్కపక్కనే రెండు థర్మామీటర్లు. ఒకటి ఉత్తది. రెండోదాని బుడ్డికి పల్చటి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. గుడ్డలో నీరు ఆరుతున్నకొద్దీ అది చల్లబడుతుంది. గాలి పొడిగా ఉంటే త్వరగా ఆరి, రెండింటి మధ్య తేడా పెరుగుతుంది. గాలిలో తేమ ఉంటే ఆరదు, తేడా తగ్గుతుంది. ఆ తేడా నుంచే తేమ లెక్క తీస్తారు. పెట్టె తలుపు తీసి చూసేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవాడు. మనిషి ఊపిరి తగిలినా పాదరసం కదులుతుందని ఆయనకి భయం.

"దానికి ఊపిరి కూడా తగలనివ్వరు. పుడితే ఆ పెట్టెగా పుట్టాలి!" అనేది భార్య.

ఉద్యోగంలో చేరిన రోజున పాత అబ్జర్వరు తాళాలు చేతిలో పెట్టి, వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ గేటు దగ్గర ఆగి ఒక మాట అన్నాడు: "అబ్బాయ్, ఈ ఆవరణలో తడిబట్ట ఆరేయనివ్వకు." అంతే. శాఖ ఇచ్చిన నిబంధనల్లో చెట్ల గురించి ఉంది, గోడల గురించి ఉంది, నీళ్ళు చిమ్మే గొట్టాల గురించి ఉంది. బట్టల గురించి లేదు. లేనందుకే ఆయనకి ఆ మాట మరింత గొప్పగా తోచింది. పుస్తకంలో ఉన్నది ఎవడైనా పాటిస్తాడు. పుస్తకంలో లేనిది పాటించేవాడే నిష్ఠాపరుడు! లోకంలో నిష్ఠాపరులకి కొదవ లేదు. వాళ్ళ నిష్ఠకి అయ్యే ఖర్చు ఎప్పుడూ పక్కవాళ్ళ ఖాతాలోనే పడుతుంది.

కాపురానికి వచ్చిన కొత్తలో భార్య అడిగింది.

"ఇంత జాగా ఉంది, ఇంత ఎండ ఉంది. ఓ మూల తాడు కట్టుకుంటే ఏం పోయిందండీ?"

"తేమ పోతుంది."

"పోతే మంచిదేగా!"

"బట్టల్లోంచి పోయి పెట్టెలోకి వస్తుంది. తడిగుడ్డ రీడింగు పాడవుతుంది."

"పోనీ, మేడమీద?"

"మేడమీద గాలి కొలిచే యంత్రం ఉంది. బట్టలు గాలికి అడ్డం."

"అయితే వీధిలో ఆరేసుకోనా, నలుగురూ చూసి మెచ్చుకుంటారు?"

ఆయన నవ్వలేదు. మేకులు తెచ్చి నడింట్లో కొట్టాడు.

కూతురికి బళ్ళో 'తడిగుడ్డ' అని పేరు పెట్టారు. దాని గౌను దగ్గరికి వస్తే ముక్కు మూసుకునేవారు. ఏడుస్తూ వచ్చి అమ్మకి చెబితే, అమ్మ పెనం కాల్చి, దాని మీద గౌను వేసి తిరగేసి మరగేసి ఆరబెట్టేది. గౌనుకి తడివాసన పోయి పొగవాసన వచ్చింది. పేరు మాత్రం పోలేదు. పై చదువు పేరుతో ఎప్పుడు ఆ ఇంట్లోంచి బయట పడదామా అని చూసి, పడింది. వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని, మేడమీద తాడున్న ఇల్లే కావాలని వెతికి మరీ అద్దెకి తీసుకుంది.

ఇదంతా దేనికోసమంటే, ముప్ఫై ఏళ్ళ కోసం. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆయన ఒకటే పాఠం చెప్పేవాడు. ఇవాళ గొడుగు పట్టుకెళ్ళాలా వద్దా అన్నది వాతావరణం. అసలు ఇంట్లో గొడుగు కొనిపెట్టుకోవాలా అక్కర్లేదా అన్నది శీతోష్ణస్థితి. మొదటిదానికి ఒక్క పూట చాలు, రెండోదానికి ముప్ఫై ఏళ్ళు కావాలి. అదీ ఒకే చోట, ఒకే ఎత్తున, ఒకే పద్ధతిలో, మధ్యలో తెగకుండా. పెట్టెని పది అడుగులు జరిపినా, పక్కన గోడ లేచినా ఆ వరస చెడినట్టే. ముప్ఫై ఏళ్ళూ చెడకుండా నిలిచిన కేంద్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తనది అందులో ఒకటి కావాలి. ఆయన కోరిక అంతే. చిన్న కోరికలు గలవాళ్ళతోనే ప్రమాదం. అడ్డొచ్చింది ఎంత పెద్దదైనా వాళ్ళకి కనపడదు.

భార్యకి దగ్గు మొదలైనప్పుడు కూడా అదే పాఠం చెప్పాడు.

"నిన్న దగ్గావు, మొన్న దగ్గావు. అంతమాత్రాన జబ్బుమనిషివి అయిపోవు. ఒక్క రోజుది లెక్కలోకి రాదు. ఎక్కువ కాలం చూడాలి."

చూశాడు. ఎక్కువ కాలమే చూశాడు. మెట్లెక్కితే ఆయాసం, తరవాత గిన్నె తోమితే ఆయాసం, ఆపైన మాట్లాడితే ఆయాసం. చివరికి పక్కింటావిడ కేకలేసి ఆసుపత్రికి పంపింది. డాక్టరమ్మ గొట్టం వీపుకి ఆనించి చాలాసేపు విని, తలెత్తి అడిగింది.

"ఇంట్లో తేమ ఎక్కువా?"

"నిన్న మధ్యాహ్నం నలభై రెండు శాతమండీ," అన్నాడు ఆయన వెంటనే.

"ఊళ్ళో సంగతి కాదు సార్. మీ ఇంట్లో."

ఆయన దగ్గర అంకె లేదు. వృత్తిలోకి వచ్చాక ఒక ప్రశ్నకి అంకె లేకపోవడం అదే మొదలు. భార్య నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది.

గోడల బూజు గాలిలో కలిసి, ఏళ్ళ తరబడి లోపలికి పోయి, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని చెప్పింది డాక్టరమ్మ. మందులు ఉన్నచోట నిలబెడితే నిలబెడతాయి, వెనక్కి తీసుకురావు. ఇక మీదట ఇంట్లో తడిబట్ట ఉండకూడదు.

ఇంటికొచ్చాక భార్య మేకుల వైపు చూసింది. ఆయన కేలండరు వైపు చూశాడు.

"ముప్ఫై నిండడానికి ఇంకెన్నో రోజుల్లేవు. ఈ నాలుగు నెలలూ ఓర్చుకో. తరవాత నీ ఇష్టం వచ్చిన చోట కట్టుకో."

ఆమె కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"సరే. ఇన్నేళ్ళు పోసిన పాలల్లో ఇప్పుడు ఉప్పుకల్లు నేనెందుకు వేయాలి," అంది.

ఓర్చుకుంది. తలగడ కిటికీ పక్కకి జరుపుకుని, కిటికీ చువ్వల్లోంచి ఖాళీగా ఎండుతున్న ఆవరణని చూస్తూ పడుకునేది. ఆమె తల మీద దుప్పట్లు ఎప్పటిలాగే బొట్లు రాల్చాయి.

ముప్ఫై ఏళ్ళూ నిండిన వారమే పై ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఈడులో చిన్నవాడు, కలుపుగోలు మనిషి. టేపు పట్టి పెట్టె ఎత్తు కొలిచాడు. తలుపు ఎండ పడని వైపే తెరుచుకుంటోందా అని చూశాడు. రెక్కల రంగు గోటితో గీకి చూశాడు. వాన కొలిచే గిన్నెలో చెయ్యి పెట్టి అంచు వంకర పోలేదని తేల్చాడు. చివరికి నడుము మీద చేతులు పెట్టుకుని, "గుడిలో దేవుణ్ణి కూడా ఇంత శుభ్రంగా పెట్టరండీ," అన్నాడు. ఆయనకి జన్మ ధన్యమైంది. భోజనానికి ఇంట్లోకి పిలిచాడు.

ఇన్‌స్పెక్టరు వంగి, రెండు దుప్పట్ల మధ్యలోంచి దూరి, కంచం ముందు కూర్చున్నాడు. మొదటి ముద్ద కలపబోతుంటే పైనుంచి చుక్క పడింది, సరిగ్గా అన్నంలో.

"ఇదేంటండోయ్, బయట ఎండ, లోపల వానా!" అని నవ్వాడు. "బట్టలు ఇక్కడెందుకు? ఊరంత జాగా పెట్టుకుని?"

"తడిగుడ్డ రీడింగు పాడవుతుంది కదండీ," అన్నాడు ఆయన. గొంతులో వినయం ఉంది, దాని కింద గర్వమూ ఉంది.

ఇన్‌స్పెక్టరు ముద్ద ఆపాడు. "బట్టలకా?"

"పాత అబ్జర్వరు గారి మాట. మొదటి రోజు నుంచీ తప్పలేదు."

"ఓహో, ఆయనా!" ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. "ఆ కథ మా ఆఫీసులో అందరికీ తెలుసండీ. అప్పట్లో ఇక్కడ రెండు కాపురాలుండేవిగా. ఆడవాళ్ళిద్దరికీ దండెం దగ్గర రోజూ జుట్టూ జుట్టూ. తగవు తీర్చలేక తాడు తెంపేసి, తేమ వంక పెట్టాడు. ఇంత ఆరుబయట, అంత దూరాన నాలుగు గుడ్డలు ఆరేస్తే పాదరసానికి తెలుస్తుందా? గాలి ఎక్కడిదక్కడ కొట్టుకుపోదూ? అనుమానముంటే మీరే ఆరేసి చూడకపోయారా? ఒక్క పూట పని."

వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది, చేతిలో పప్పు గిన్నెతో. గిన్నె కింద పెట్టింది. పెట్టడానికి చాలాసేపు పట్టింది.

గుమ్మంలోంచి ఆమె దగ్గు వినిపించి ఇన్‌స్పెక్టరు తడబడ్డాడు. "అమ్మగారికి ఒంట్లో...? ఏమైనా మీ త్యాగం ఊరికే పోదమ్మా. నివేదికలో రాస్తాను."

"త్యాగమంటే మనం ఇచ్చేది నాయనా," అంది ఆమె. "ఇది నన్నడిగి తీసుకున్నది కాదు. అలా రాస్తే రాయి. పప్పు వేసుకో."

ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదంటే కథకి బాగుంటుంది. పట్టింది. తెల్లారి లేచేసరికి మనసులో ఒకటే మాట: ఆ కుర్రాడికేం తెలుసు? కొలవకుండా ఎలా చెబుతాడు? కొలిచి చూపిస్తాను. కొలవకుండా ముప్ఫై ఏళ్ళు నడిపించింది తనేనన్న సంగతి ఆ మాటకి అడ్డం రాలేదు.

రీడింగు అయ్యాక వంటింటి కిటికీ చువ్వకి తాడు కట్టి, రెండో కొస కుళాయి స్తంభానికి బిగించాడు. గాలి ఇంటి వైపు నుంచి పెట్టె వైపే వీస్తోంది. అంతకన్నా మంచి రోజు దొరకదు. భార్య ఆయాసపడుతూనే ఒక్కో దుప్పటీ పిండకుండా, నీళ్ళు కారుతుండగానే అందించింది. ఉన్నవన్నీ తడిపింది: బట్టల పెట్టెలోవి, మంచం మీదవి, కూతురి పాత గౌను కూడా. ఆ ఆవరణలో బట్ట రెపరెపలాడడం చూసి పక్కింటావిడ గోడ మీదుగా కేకేసింది:

"పాదరసం గారూ! అందరికీ శకునం చెప్పే బల్లి ఇవాళ కుడితిలోంచి లేచినట్టుందే!"

ఆయన వినలేదు. పెట్టె ముందు నిలబడి ఊపిరి బిగబట్టి తలుపు తీశాడు. కదలాలి. ఇంత కదిలినా చాలు. కదిలితే తను ఆమెని దేనికోసమో ఖర్చు పెట్టినట్టు. కదలకపోతే? ఆ వైపు ఆలోచన పోనివ్వలేదు. మనిషికి తప్పు చేశాననుకోవడం కన్నా బలి ఇచ్చాననుకోవడం తేలిక. బలికి కనీసం దేవుడంటూ ఒకడుంటాడు.

ఉత్త థర్మామీటరు ఎక్కడుండాలో అక్కడే ఉంది. తడిగుడ్డదీ అంతే. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. కాసేపాగి చూశాడు. బట్టల దగ్గరికి నడిచి, వాటి మీద నుంచి వస్తున్న చల్లగాలి బుగ్గకి తగిలేదాకా నిలబడి, మళ్ళీ పరుగున పెట్టె దగ్గరికొచ్చి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

భార్య గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"కదిలిందా?"

"కదిలింది," అన్నాడు.

"ఎంత?"

"కొంచెం."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. జ్వరం ఎంతంటే దశాంశంతో చెప్పే మనిషి. కూతురు పుట్టిన రోజున బరువు ఆసుపత్రివాళ్ళు చెప్పింది చాలక మళ్ళీ తూయించిన మనిషి. ఆయన నోట 'కొంచెం' అన్న మాట ఆమె అంతకుముందు వినలేదు.

"అయితే రేపు కూడా ఆరేయండి," అంది.

"ఎందుకే? చూశాంగా."

"ఒక్క రోజుది లెక్కలోకి రాదని మీరేగా అంటారు."

అలా మొదలైంది. ఆమెకి ఉతికే ఊపిరి లేదు కాబట్టి ఉతికేది ఆయన, ఆరేసేది ఆయన. ఆమె కుర్చీలో కూర్చుని, "అది మడత పడింది, సరిచేయండి. దుప్పటి అంచు నేలకి తగులుతోంది," అని చెప్పేది. ఎండెక్కకముందే దుప్పట్లు గలగలలాడుతూ ఆరిపోయేవి. ఇంట్లో రెండు రోజులైనా చెమ్మ వదలని దుప్పట్లు! ఆమె వాటిని ఒళ్ళో పెట్టుకుని, కొత్త బట్ట చూసినట్టు వేళ్ళతో నలిపి చూసేది. ఆయన పెట్టె దగ్గరనుంచి రాగానే అడిగేది.

"కదిలిందా?"

"కదిలింది."

"ఎంత?"

ఇప్పుడు ఆయన అంకె కూడా చెప్పేవాడు. ఆఫీసుకి పంపేది ఒక అంకె, ఇంట్లో చెప్పేది ఒకటి. ఒకే ఊరికి రెండు వాతావరణాలు నడిపాడు. ఆమె తల ఊపి, "అయితే ఊరికే పోలేదన్నమాట," అనేది. ఆ మాటలో వ్యంగ్యం ఉందేమోనని ఆయన వెతుక్కునేవాడు. వ్యంగ్యం ఉంటే పోట్లాడొచ్చు. దొరికేది కాదు.

ఒక వాన రోజున ఆయన తాడు విప్పబోతే వద్దంది. బట్టలు వానలోనే వేలాడాయి. పెట్టెలో రెండు థర్మామీటర్లూ ఒకే గీత మీద నిలబడ్డాయి. గాలి తడిసి ముద్దైనప్పుడు అంతే, తేడా ఉండదు.

"కదిలిందా?"

"రెండూ ఒకటైపోయాయి."

"నా బట్టల వల్లేనా?"

"వాన వల్ల."

ఆమె నవ్వింది. డాక్టరమ్మ ఇచ్చిన ఆక్సిజను మాస్కు ముక్కుకి పెట్టుకుని మరీ నవ్వింది.

ఇక ఒకరోజు ఆయన వల్ల కాలేదు. చేతులు సబ్బుతో పగిలి ఉన్నాయి. గుమ్మం దగ్గరికొచ్చి, ఆమె అడగకముందే అన్నాడు:

"కదల్లేదు."

"నిన్న?"

"కదల్లేదు."

"మొదటి రోజు?"

"ఆ రోజూ కదల్లేదే. ఏ రోజూ కదల్లేదు."

ఆయన కుర్చీ పక్కన మెట్టు మీద కూలబడ్డాడు. నిజం చెప్పినవాడికి ఏదో దక్కాలని మనలో మనం ఒక ఒప్పందం రాసుకుని ఉంటాం. ఒక తిట్టో, ఒక ఏడుపో, తల మీద ఒక చెయ్యో. ఆయన వాటిలో దేనికైనా సిద్ధమే.

"ఇవాళ నిజం చెప్పారు," అంది ఆమె, ఒక్కో మాటకి ఆగుతూ. "మంచిదే. కానీ ఒక్క రోజుదండీ అది. ఒక్క రోజు చూసి మనిషి మారాడని రాసుకోలేంగా. రేపు చూద్దాం. ఆ దిండుగలీబు ఎగిరిపోయేట్టుంది, క్లిప్పు పెట్టండి."

లేచి క్లిప్పు పెట్టాడు.

మర్నాడు అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. "కదల్లేదు," అని చెబుతూ వచ్చాడు. "ఊఁ," అంటూ వచ్చింది. ముప్ఫై ఏళ్ళు చూసేంత ఊపిరి ఆమె దగ్గర లేదని ఇద్దరికీ తెలుసు. ఒకనాటి పొద్దున ఆయన పెట్టె దగ్గర ఊపిరి బిగబట్టి తడిగుడ్డ అంకె చూస్తుండగా కుర్చీలో ఆమె తల పక్కకి వాలింది. ఆయన మొదట రీడింగు పూర్తి చేశాడు. ఆమె పోయిన సంగతి తెలిసి పూర్తి చేశాడా, తెలియకా అని పక్కింటావిడ తరవాత చాలామంది దగ్గర అడిగింది. ఆయన్ని మాత్రం అడగలేదు.

కూతురు వచ్చింది. అన్నీ అయ్యాక నడింట్లో మేకులు ఒక్కొక్కటే పీకింది. గోడల పెచ్చులు మేకుతోపాటు ఊడిపడ్డాయి. ఆపైన అమ్మ గుర్తుకి ఏదైనా పట్టుకుపోదామని అమ్మ పెట్టె తెరిచింది. దుప్పట్లు, రవికలు, తువ్వాళ్ళు అన్నీ చక్కగా మడిచి, అంచులు కలిపి ఉన్నాయి. ఒక రవిక తీసి ముఖానికి అదుముకుంది. పెట్టేసింది. ఇంకోటి తీసింది. దుప్పటి తీసింది. ఒక్కొక్కటీ విప్పి ముఖానికి అదుముకుంటూ, అడుగుదాకా వెళ్ళింది.

"ఇవన్నీ ఉతికారా నాన్నా?"

"రోజూ ఉతికాం. బయటే ఆరేశాం. ఎంత బాగా ఆరుతున్నాయో తెలుసా, గంట పట్టదు." ఆయన గొంతులో, ఎక్కడినుంచో, పాత గర్వం.

"ఒక్కటైనా మిగల్చలేదా? నడింట్లో ఆరింది?"

"ఎందుకమ్మా అది? కంపు కదా!"

"ఆ కంపే కావాలి. అమ్మ దగ్గర అదేగా ఉండేది." కూతురు ఒళ్ళో గుట్ట పోసుకున్న బట్టలకేసి చూసింది. "ఇందులో ఎక్కడా అమ్మ లేదు నాన్నా. అంతా ఎండ వాసన."

ఆయన చూపు గోడ గడియారం వైపు పోయింది. మధ్యాహ్నం రీడింగు వేళయింది. దండెం లేని నడింట్లో, అలవాటు కొద్దీ తల వంచుకునే, బయటికి నడిచాడు.